ఎదురింటి మీద సాక్ష్యం

హోసూరు,
12-4-98

నళిని అక్కకు,

ప్రభువైన యేసు నామంలో వందనాలు. ఈ మాట చూడగానే ఉత్తరం చింపేయకుండా చివరిదాకా చదువు.

మన ఊరు అత్తిముగం పండగకు రాలేదని బావ చేత ఫ్యాక్టరీ గేటుకు ఫోన్ చేయించి తిట్టించావు. సెక్యూరిటీ వాడి ఎదురుగా నిలబడి నేనేం జవాబు చెప్పగలను? ఎస్‌టీడీ బూత్‌లో మాట్లాడదామంటే వెనక నలుగురు చెవులు రిక్కించి నిలబడతారు. అందుకే రాస్తున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

కొంతకాలంగా నా మనసు నా చేతిలో లేదక్కా. ఇంకొకడి భార్య మీదికి పోయింది. మా లైన్ ఇళ్లలోనే ఉంటుంది. నాది సెకండ్ షిఫ్ట్ కాబట్టి పొద్దున పూట ఇంట్లోనే ఉంటాను. అదే నాకు చేటయింది. మిషన్ ముందు నిలబడినా ఆమె, అన్నం ముందు కూర్చున్నా ఆమె. పెళ్లికాని వాడికి ఇదేం వింత అని బావ నవ్వుతాడేమో. నాకు నవ్వు రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

మా సూపర్‌వైజర్ జనార్ధనరావుగారిది నెల్లూరు వైపు. ఆదివారం వాళ్ల హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన జరుగుతుంది. ఆయన పిలిస్తే పోయాను. ఆ రోజు బైబిల్లో పౌలు రాసిన మాట చదివారు. నీకు వచ్చిన శోధన, అంటే పాపంలోకి లాగే ఆశ, మనుషులందరికీ వచ్చేదే, దాంతోపాటు తప్పించుకునే దారిని కూడా దేవుడు చూపిస్తాడు అని దాని అర్థం. ఇంత చెడ్డ కుక్కను లోకంలో నేనొక్కడినే అనుకుంటూ ఉన్నవాణ్ణి. అందరికీ వచ్చేదే అని ఒక పుస్తకం చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత యోసేపు కథ చదివాను. యజమాని భార్య వాడి బట్ట పట్టుకుని లాగితే, ఆ బట్ట ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పారిపోయాడు. ఎంత ధైర్యం చూడు.

పోయిన ఆదివారం నేను లేచి సాక్ష్యం చెప్పాను. సాక్ష్యం అంటే దేవుడు మనకు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడం. యోసేపును తప్పించినట్టే నన్నూ తప్పించాడని చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు. అందరూ స్తోత్రం అన్నారు. జనార్ధనరావుగారు కౌగిలించుకున్నారు.

ఈ సంగతి బావకు చెప్పొద్దు.

నీ తమ్ముడు,
చంద్రు

*

కృష్ణగిరి,
20-4-98

చంద్రుకు,

మన ఇంటి దేవుణ్ణి నువ్వు మరిచినా నేను మరవలేదు కాబట్టి ఆ మునీశ్వరుడే నిన్ను చల్లగా చూడాలి.

ఎవరికిరా వందనాలు? పండగ రోజున నీ కోసం కోసిన పొట్టేలు కూర చల్లారిపోయింది. "నా తమ్ముడికి డ్యూటీ" అని ఇంటింటికీ అబద్ధం చెప్పుకుంటూ తిరిగాను. డ్యూటీ కాదు, పాటలు పాడుకుంటూ కూర్చున్నావన్నమాట.

నాకు అంతా అర్థమైంది. ఇంకొకడి భార్య, శోధన, పౌలు, అదంతా పైపూత. ప్రార్థనకు వచ్చే పిల్ల ఎవత్తో నిన్ను వల్లో వేసుకుంది. పెళ్లి చేసుకోవాలంటే మా దేవుడిలోకి రా అని ఉంటుంది. నేరుగా చెప్పడానికి నోరు రాక నాకు కథలు అల్లుతున్నావు. నీళ్లలో ముంచారా ఇంకా లేదా? ముంచి ఉంటే ఆ తడి ఆరేదాకా నా గడప తొక్కొద్దు.

ఒకవేళ నువ్వు రాసింది నిజమే అనుకో. అక్కకు చెప్పడానికే సిగ్గుపడాల్సిన మాటను ముక్కూ ముఖం తెలియని వాళ్ల ముందు నిలబడి చెప్పావా? చెప్పి మెచ్చుకోలు కూడా తెచ్చుకున్నావా? మనకు కడుపునొప్పి వస్తే ఇంట్లో పడుకుంటాం, బస్టాండులో కాదు.

మామిడికాయల లారీ మాట్లాడటానికి మీ బావ వచ్చే వారం హోసూరు వస్తున్నాడు. చెప్పొద్దన్నావు, చెప్పేశాను. మండిలో లోడు వదిలిపెట్టి నీ కోసం వస్తాడు. ఆ పిల్ల ఎవరో ఆయనే తేలుస్తాడు.

అక్క నళిని

*

హోసూరు,
3-5-98

అక్కా,

తేల్చాడు. మీ మొగుడూ పెళ్లాలకు ఇప్పుడు కడుపు నిండిందా?

బావ వచ్చిన రోజు నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. నా కోసం ఆగవచ్చు కదా? ఆగలేదు. మా ఇంటి ఓనరు నాగక్కను పిలిచి, లైనంతా వినేలా, "మా బామ్మర్దిని వల్లో ఏసుకున్న ఆడది ఏ ఇంట్లో ఉండాదమ్మా?" అని అడిగాడు. నాగక్క ప్రార్థనకు వస్తుంది, నా సాక్ష్యం విని ఉంది. మొగుడు ఫస్ట్ షిఫ్ట్‌కు పోయాక ఆమె ఒక పనికి నన్ను పిలిచింది అని అందులో చెప్పాను. మా లైన్‌లో ఎప్పుడూ ఫస్ట్ షిఫ్ట్‌కే పోయేది ఒక్క అచ్చెన్న. వాడికి టూల్ రూమ్‌లో పని, షిఫ్టు మారదు. నాగక్క లెక్క కట్టుకుని ఎదురింటి వైపు వేలు చూపించింది. ఆమె పేరు ప్రవీణ.

బావ ఆ గుమ్మం ముందు నిలబడి ఏమేం అన్నాడో నేను రాయలేను. సాయంత్రం అచ్చెన్న ఇంటికొచ్చేసరికి మాట వాడికంటే ముందే ఇల్లు చేరింది. వాడు ఆమెను కొట్టాడు. మర్నాడు ఆమె అన్న వచ్చి కుప్పం తీసుకుపోయాడు. ఇప్పుడు ఎదురింటికి పగలంతా తాళం.

ఇదంతా నీ వల్ల జరిగింది. నిన్ను నమ్మి గుండె విప్పితే దాన్ని మామిడి మండిలో వేలం వేయించావు. యోసేపును కూడా ఇలాగే అపవాదు వేసి జైల్లో పెట్టారు. తప్పు చేయకుండా పారిపోయినవాడికే నింద వచ్చింది. జనార్ధనరావుగారు అదే అన్నారు: "శోధనలో నిలిచావు, ఇప్పుడు శ్రమలో నిలువు." వాళ్లందరూ నా కోసం ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నారు. రక్తం పంచుకున్నదానివి నువ్వేమో నన్ను బజారులో పడేశావు.

చంద్రు

*

కృష్ణగిరి,
14-5-98

చంద్రుకు,

మీ బావను అడిగాను. "అడిగినాను, ఏమిప్పుడు?" అన్నాడు. రెండు రోజులు ఆయనకు అన్నం పెట్టలేదు. పంపింది నేనే కాబట్టి ఆయన నోటి పాపంలో నాకూ వాటా ఉంది. దానికి నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వు నేర్పక్కర్లేదు.

నువ్వు మాటిమాటికీ యోసేపు, యోసేపు అంటుంటే వాడెవడో చూద్దామని పక్కింటి నర్సమ్మ దగ్గర ఆ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఆమెది అరవ పుస్తకం. అరవంలో నాకు కూరగాయల బేరం వచ్చు, తిట్లు వచ్చు, దేవుడి మాటలు మాత్రం కొత్త. కూడబలుక్కుని చదివాను. నీ మీద కోపంతోనే చదివాను, భక్తి పుట్టిందని సంబరపడొద్దు.

కథ బాగుంది. పిల్లవాడు మంచివాడే. అయితే ఆ కథలో ఆ ఇంటి ఆడది నోరు తెరిచి అడిగింది. వద్దంటే రోజూ వెంటపడింది. చివరికి బట్ట పట్టుకుంది.

ప్రవీణ నిన్ను పట్టుకుందా?

పట్టుకుంటే పట్టుకుంది అని రాయి. నేనే చీపురు తీసుకుని కుప్పం పోతాను. పట్టుకోలేదంటే, నువ్వు ఆ హాల్లో నిలబడి చెప్పింది ఏమిటో మాట మాట రాయి. నీ ఉపవాసాల సంగతి, నీ శ్రమల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నళిని

*

హోసూరు,
25-5-98

అక్కా,

తప్పులు పట్టడానికి చదివితే ఏ పుస్తకమైనా నీకు తప్పులే చూపిస్తుంది. జనార్ధనరావుగారు కూడా అదే అన్నారు. విశ్వాసం లేని వాళ్లతో వాదన పెట్టుకోవద్దన్నారు.

ఆమె నాతో నవ్వుతూ మాట్లాడేది. లైన్‌లో వేరే ఎవరినీ పిలవకుండా నన్నే పిలిచేది. దీనికి ఏమంటావు?

ఇంతవరకూ నిన్న రాసి ఉత్తరం పక్కన పెట్టాను. ఈ పొద్దు మళ్లీ చదువుకుంటే చింపేయాలనిపించింది. చింపకుండా మిగిలింది కూడా రాస్తున్నాను.

పట్టుకోలేదు.

పొద్దున ఆమె కింద గుడ్డలు ఉతికి ఆరేస్తుంటే నేను మిద్దె మీద పళ్లు తోముకుంటూ చూసేవాణ్ణి. పళ్లు తోమడం అయిపోయినా నిలబడే ఉండేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా పైకి చూడలేదు. ఒకరోజు గ్యాసు సిలిండరు గుమ్మం ముందు దింపి పోయారు. "చంద్రన్నా, రవ్వంత లోపలికి పెట్టియ్యప్పా" అని పిలిచింది. ఆ పొద్దు లైన్‌లో మగవాణ్ణి నేనొక్కడినే ఉన్నాను, అందుకే పిలిచింది. లోపల పెట్టాను. మజ్జిగ ఇచ్చింది. ఆ గ్లాసు అందుకునేటప్పుడు నా ఒళ్లంతా వణికింది. నాకేమవుతుందో నాకే తెలిసి గ్లాసు కింద పెట్టేసి పరుగెత్తాను. "అన్నా, చెప్పులు ఇడ్సిపోతా ఉండావే" అని వెనక నుంచి అరిచింది. అంతే. జరిగింది అంతే.

హాల్లో లేచి నిలబడ్డప్పుడు అందరూ నా వైపే చూస్తున్నారు. నా కళ్ల గురించి చెబుదామనే లేచాను. చెప్పలేకపోయాను. యోసేపు కథ నాలుక మీద సిద్ధంగా ఉంది. "ఆమె నన్ను పిలిచింది, లోపలికి రమ్మంది, నేను వదిలేసి పారిపోయాను" అన్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అన్నీ కలిస్తే అబద్ధం అయింది. స్తోత్రం అని కేకలు వినపడగానే నాకు కూడా అదే నిజమనిపించింది.

జనార్ధనరావుగారికి చెప్పాను. ఇప్పుడు దాన్ని కదిపితే విశ్వాసంలో బలహీనులు జారిపోతారు, నువ్వూ దేవుడూ చూసుకోండి అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. నువ్వు ఇంక రాయకు.

చంద్రు

*

కృష్ణగిరి,
2-6-98

ఒరే చంద్రూ,

రాయకు అంటే ఊరుకోవడానికి నేను మీ సూపర్‌వైజర్‌ను కాదు.

ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వచ్చి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే అని అమ్మ అనేది. ఇక్కడ ఆకు కదలను కూడా లేదు. గుడ్డలు ఆరేసుకుంటూ ఉంది. గుక్కెడు మజ్జిగ పోసింది. నిన్ను అన్నా అంది. నీ ఒళ్లు వణికిన పాపానికి ఆమె ఒళ్లు వాచింది. నువ్వేమో అక్కడ దేవుడి కోసం బలైనవాడివైపోయి ఉపవాసాలు చేయించుకుంటున్నావు. సిగ్గులేని వెధవా!

నర్సమ్మ పుస్తకం ఇంకా తిరిగి ఇవ్వలేదు. నీ ఉత్తరం చదివి, "మీ దాంట్లో మిద్దె మీద నిలబడి చూసేవాడి కథ ఏమైనా ఉందా?" అని ఎకసక్కెంగా అడిగాను. ఉందంది. తీసి చూపించింది. దావీదు అని ఒక రాజు. మిద్దె మీద తిరుగుతూ కింద స్నానం చేస్తున్న ఆమెను చూశాడు. ఆమె మొగుడు డ్యూటీలో ఉన్నాడు. ఆ పైన ఆ రాజు చేసింది నువ్వు చేయలేదులే, నిన్ను అంత దూరం తోయను. కానీ ఆ మిద్దె నీదే. నువ్వు యోసేపు పేజీ తెరుచుకుని కూర్చున్నావు, నీ పేజీ వేరే చోట ఉంది.

ఆ రాజు దగ్గరికి ఒక ముసలాయన వచ్చి ముఖం మీదే చెప్తాడు, ఆ మనిషివి నువ్వే అని. మీ హాల్లో అంతమంది ఉండి ఒక్కరూ ఆ పని చేయలేదు. మునీశ్వరుడికి పొంగలి పెట్టుకునేదాన్ని నేను చెప్పాల్సి వచ్చింది. అందుకు నాకు మండిపోతూ ఉంది.

తర్వాత రాజు ఏడుస్తూ పాడిన కీర్తన కూడా ఉంది. నా పాపం ఎప్పుడూ నా కళ్ల ముందే ఉంది, విరిగిన గుండెను నువ్వు తోసేయవు అంటాడు. అది చదివి ఏడ్చాను, అబద్ధం ఎందుకు. ఇంత తప్పు చేసినవాణ్ణి కూడా ఆ పుస్తకం కొట్టేయలేదు, దాచనూ లేదు. నీకు ధైర్యం కావాలంటే ఈ పాటలో వెతుక్కో.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. ఆ స్నానం చేసిన ఆమెకు ఏమనిపించిందో ఎవరూ అడగలేదు. నేను అడగబోతున్నాను. కాయల సీజను తగ్గగానే కుప్పం బస్సెక్కుతాను.

నళిని

*

హోసూరు,
15-6-98

అక్కా,

నిన్ను తిట్టుకుంటూనే ఆ కీర్తన తీశాను. ఇదివరకు ఎన్నోసార్లు పాడిందే, కానీ అందులో నేనున్నానని తెలియలేదు. చదువుతూ ఉంటే కూర్చోలేకపోయాను, లేవలేకపోయాను.

నిన్న ఆదివారం మళ్లీ లేచాను. జనార్ధనరావుగారు కళ్లతోనే వద్దన్నారు. అయినా ఆపలేదు. ఆమె నన్ను ఏమీ అడగలేదు, పాపం నా కళ్లదే, ఒక ఇల్లాలి మీద అపవాదు వేశాను అని చెప్పాను. తర్వాత ఒక పెద్దాయన లేచి "ఎంత తగ్గింపు మనసు!" అన్నాడు. మళ్లీ స్తోత్రాలే. జనార్ధనరావుగారే ముందుగా వచ్చి కౌగిలించుకున్నారు.

బరువు దిగిపోయిందక్కా. ఇంక అంతా సరి అయినట్టే. నువ్వు కుప్పం పోతే ప్రవీణకు ఈ సంగతి చెప్పు. నన్ను క్షమించిందా అని కూడా అడుగు.

ప్రభువులో నీ తమ్ముడు,
చంద్రు

*

కృష్ణగిరి,
24-6-98

చంద్రుకు,

అంతా సరి అయినట్టేనా? బాగుందిరా నీ లెక్క.

కుప్పం పోయొచ్చాను. వాళ్లన్న ఇల్లు రైల్వే గేటు దాటాక. గుమ్మంలో నిలబడి నేనెవరో చెప్పగానే వాళ్ల వదిన లోపలికి పోయి తలుపు వేసుకుంది. ప్రవీణ మాత్రం బయటికొచ్చింది. కూర్చోమనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. నేనైతే చెంబు విసిరి ఉండేదాన్ని. మా ఆయన అన్న మాటలకు చేతులు పట్టుకోబోయాను. చేతులు వెనక్కి తీసుకుంది.

నువ్వు హాల్లో రెండోసారి లేచి చెప్పావని చెప్పాను. ఆమె మాట ఆమె అన్నట్టే రాస్తున్నా: "ఆడ నా మొగుడు ఉండినాడా అక్కా? నన్ను కొట్టింది ఆ పాటలు పాడేవాళ్లా? కొళాయి కాడ నా బిందె ఎత్తి అవతల పారేసినారు. నా మొగాన ఉమ్మినారు. మీ తమ్ముడికి చెప్పే ధైర్యం ఉంటే ఆ కొళాయి కాడ చెప్పమనండి. ఆడ స్తోత్రం అనేవాళ్లు ఉండరు."

క్షమాపణ సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు.

నళిని

*

హోసూరు,
5-7-98

అక్కా,

చెప్పాను.

మొన్న బుధవారం పొద్దున నీళ్లు వదిలే వేళకు పోయాను. అచ్చెన్నకు వీక్లీ ఆఫ్. బకెట్ పట్టుకుని వరుసలో ఉన్నాడు. ఆ హాల్లో మాటలు వాటంతట అవే వచ్చేవి. ఇక్కడ ఒక్కో మాటనూ లాక్కుని చెప్పాల్సి వచ్చింది. "ప్రవీణమ్మ తప్పు ఏమీ లేదు. మిద్దె మీద నుంచి దొంగచూపులు చూసినోణ్ణి నేను. ఆయమ్మ నన్ను అన్నా అనింది. నేను పోయి ప్రార్థనలో ఆయమ్మే పిలిచినట్టు చెప్పినాను. అబద్ధం చెప్పినాను" అన్నాను. అంతా విన్నారో లేదో తెలియదు, కొళాయి కింద బిందె నిండి పొర్లుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు.

అచ్చెన్న బకెట్‌తో కొట్టాడు. పెదవి చీలింది. మూడు కుట్లు పడ్డాయి. "నా చేత నా పెండ్లాన్ని కొట్టించినావు గదరా" అని అరిచాడు. నాగక్క, "ఇది కూడా ఆయమ్మే చెప్పించినట్టుండాది" అంది. ఇంకో ఆమె నవ్వింది. ఒకరిద్దరు తల వంచుకుని బిందెలెత్తుకుని పోయారు. ఎవరూ మెచ్చుకోలేదు. బరువూ దిగలేదు.

గది ఖాళీ చేశాను. బాగలూరు రోడ్డులో నలుగురు కుర్రాళ్లతో చేరాను. షిఫ్టు కూడా మార్పించుకున్నాను. నా కళ్లు మంచివైపోయాయని రాయను. నిన్న షేర్ ఆటోలో కూడా తల తిప్పుకోవాల్సి వచ్చింది. తప్పించుకునే దారి అంటే నింద నుంచి తప్పించుకునే దారి అని ఇన్నాళ్లూ చదువుకున్నాను. అట్లా కాదని ఇప్పుడు తెలుస్తూ ఉంది. ప్రార్థనకు ఈ ఆదివారం పోలేదు. ఏ ముఖంతో పోను? పుస్తకం కూడా తెరవలేదు.

పోయినసారి క్షమాపణ సంగతి అడగలేదన్నావు. వీలైతే అడుగు.

చంద్రు

*

కృష్ణగిరి,
20-7-98

చంద్రుకు,

కుట్లు విప్పారా? పులుపు తినకు, చీము పడుతుంది.

అచ్చెన్న కుప్పం పోయాడు. ప్రవీణ వాణ్ణి రెండుసార్లు గుమ్మంలోంచే వెనక్కి పంపింది. మూడోసారి వాళ్లన్న, ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడారు. మళ్లీ చెయ్యెత్తితే తిరిగి రానని అందరి ముందు చెప్పి, ఆ లైన్ ఇళ్లకు మాత్రం అడుగు పెట్టనంది. వేరే చోట ఇల్లు చూశాడట. వాడి బుద్ధి ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు నమ్మకం లేదు. నేను వెళ్లేసరికి ఆమె గుడ్డలు సర్దుకుంటూ ఉంది. ఈసారి కూర్చోమంది.

అడిగాను. నువ్వు కొళాయి దగ్గర నిలబడింది ఆమెకు తెలుసు. చీర మడత పెట్టడం అయ్యాక అంది: "మీ తమ్ముడికి చెప్పుకునేదానికి దేవుడు ఉండాడు. తిట్టి దారిలో పెట్టేదానికి మీరు ఉండారు. నాకు ఉండేది నన్ను కొట్టిన మొగుడే అక్కా. ఆయన కాడికే పోతా ఉండాను. క్షమించేదీ అంటే నాకిప్పుడు కుదరదు. మీ తమ్ముణ్ణి అడగొద్దనండి."

ఆమె పెట్టె నేనే పట్టుకుని బస్టాండు దాకా వెళ్లాను. హోసూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు.

నిన్ను ఓదార్చే మాట ఏదీ లేదురా. ఆమె అడగొద్దంది, నువ్వు ఇంక అడగొద్దు. ఉత్తరం రాయొద్దు, ఎదురుపడొద్దు. కానీ ఆదివారం ప్రార్థనకు పోలేదని రాశావే, అది నాకు నచ్చలేదు. నీ దేవుడు నాకు అక్కర్లేదు, ఆ జనార్ధనరావు ముఖం చూడాలని కూడా లేదు. అయినా వెళ్లు. మెచ్చుకున్నప్పుడు ముందు వరుసలో కూర్చున్నావు కదా, ఇప్పుడు వెనక కూర్చో. నోరు మూసుకుని విను.

నీ మీద కోపం ఇంకా తీరని అక్క,
నళిని